అమ్మ ఎడమ చెయ్యి

2021 కార్తీకమాసంలో రెండో సోమవారం. అమ్మ ఉపవాసం. పరగడుపున బీపీ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, నక్షత్రం చూసి తిన్నాక వేసుకుంటానంది. మధ్యాహ్నం రెండింటికి పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కుడి కాలు, కుడి చెయ్యి చచ్చుబడి ఉన్నాయి. మూతి పక్కకి లాగేసింది. మాట లేదు. తణుకులో చూపించి, అక్కణ్ణుంచి రాజమండ్రి తీసుకెళ్ళాం. స్కాన్ తీసి, మెదడులో ఎడమవైపు నరం చిట్లి రక్తం గడ్డకట్టిందన్నారు. అప్పటికి అమ్మకి 58 ఏళ్ళు. మా ఊళ్ళో 27 ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచరు.

మూడో రోజు ఐసీయూలోంచి ఒక సిస్టరు బయటకొచ్చి మా అన్నయ్య చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది. "తిండి వెళ్ళాలి కదండీ, ముక్కులోంచి పైపు వేస్తున్నాం" అంది. మేం తల ఊపాం. వెంటిలేటరు, మెదడులో వాపు, బతుకుతుందా లేదా అన్న గొడవలో అది మాకు సెలైన్ బాటిల్ పెట్టినంత చిన్న విషయం. ఎన్నాళ్ళుంచుతారు, తీసేది ఎప్పుడు, తీసే అవకాశం లేకపోతే ఏమిటి అని మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ రోజు ఆ మూడు ప్రశ్నలూ అడిగి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

26 రోజులకి డిశ్చార్జి. అమ్మ కళ్ళు తెరుస్తోంది, పిలిస్తే చూస్తోంది. గుటక మాత్రం రావడం లేదు. చెంచాడు నీళ్ళు పోస్తే దగ్గు, ఆ దగ్గుకి కూడా బలం లేదు. "మింగడం వచ్చేదాకా రైల్స్ ట్యూబుతోనే ఫీడ్ ఇవ్వండి" అని రాశారు. రైల్స్ ట్యూబంటే ఆ ముక్కు గొట్టమే, ఫీడంటే అందులో పోసే తిండి. ఎలా ఇవ్వాలో నేర్పింది ఆ వార్డు సిస్టరే, అంబులెన్సు కింద ఆగి ఉండగా పదిహేను నిమిషాల్లో. తల కింద దిండ్లు పెట్టి, నడుము నుంచి పైకి 45 డిగ్రీల దాకా లేపాలి. యాభై ఎంఎల్ సిరంజి పిస్టన్ తీసేసి గొట్టానికి తగిలించాలి. ముందు నీళ్ళు, తర్వాత ఫీడ్, మళ్ళీ నీళ్ళు. నెట్టకూడదు, దానంతట అదే దిగాలి. అయ్యాక గంటసేపు పడుకోబెట్టకూడదు. ఒక చీటీ మీద రాసుకున్నాను. ఆ చీటీ మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఉంది, అంచులు నూనె పట్టి పసుపురంగులోకి తిరిగాయి.

ఇంటికొచ్చిన మొదటి రోజు పాలు పోస్తుంటే నా చెయ్యి వణికింది. సిరంజిలో పాలు ఒక గీత, ఒక గీత చొప్పున దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. అమ్మ దగ్గితే మట్టం పైకి లేచేది, ఊపిరి వదిలితే కిందికి జారేది. సిరంజి పైకెత్తితే వేగం, దించితే నెమ్మది. రెండు వందల ఎంఎల్ పోయడానికి ఇరవై నిమిషాలు పట్టేది. రోజుకి ఏడు సార్లు. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే ఆఖరిది రాత్రి పదిన్నరకి. మధ్యలో మందులు, నీళ్ళు, పక్క మార్చడం, కఫం తీయడం. నేను చేసే ప్రైవేటు స్కూలు ఉద్యోగం మానేశాను. మా ఆయన ఏమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం, "నీ తల్లికి నువ్వు చేయకపోతే ఎవరు చేస్తారమ్మా" అని మా పాపని తన దగ్గర ఉంచుకున్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

అమ్మకి మిగిలింది ఎడమ చెయ్యి. కుడివైపు మొత్తం పోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం మంచి పట్టుతో ఉండేది. ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి ఆ చేత్తో ముక్కు గొట్టం సగానికి పైగా లాగేసింది. ముక్కులో దురద, గొంతులో అడ్డం, ప్లాస్టరు కింద చర్మం మంట. మనమైనా లాగేస్తాం. ఊళ్ళో ఉన్న కాంపౌండరు వచ్చి కొత్తది వేశాడు. వారం తిరక్కుండా మళ్ళీ లాగేసింది. మూడోసారి అతనే, "చెయ్యి కట్టెయ్యండమ్మా, ఆసుపత్రుల్లో అందరూ అదే చేస్తారు" అన్నాడు.

మొదట చేతికి మా ఆయన సాక్సు తొడిగి మణికట్టు దగ్గర రిబ్బను కట్టాను. పళ్ళతో విప్పేసింది. తర్వాత పాత నూలు చీర చింపి, వేళ్ళు ఆడేంత వదులుగా మంచం పట్టీకి కట్టాను. ఆ చీర కూడా అమ్మదే, అంగన్‌వాడీ వాళ్ళిచ్చిన యూనిఫాం చీర. కట్టిన మొదటి రాత్రి అమ్మ నా వైపు చూడలేదు. మొహం గోడకి తిప్పుకుంది. ఐదు నెలలు, ఎవరో ఒకరం పక్కన కూర్చున్నప్పుడు తప్ప ఆ చెయ్యి కట్టే ఉంది. తిండి పెట్టడం కోసం మా అమ్మ చెయ్యి నేనే కట్టేశాను. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఫిబ్రవరిలో గొట్టం మార్చినప్పుడు ఇంకో గండం. మామూలు రైల్స్ ట్యూబు అయితే రెండు వారాలకోసారి మార్చాలన్నారు. ఈసారి కాంపౌండరు ఊళ్ళో లేక వేరే మనిషిని పిలిచాం. అతను గొట్టం వేసి, సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెత్ పెట్టి విని, "గుడగుడమంది, లోపలే ఉంది" అన్నాడు. యాభై ఎంఎల్ నీళ్ళు పోసేసరికి అమ్మ పెదాలు నీలంగా తిరిగాయి. ఆపేశాం. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే గొట్టం కొస ఊపిరితిత్తిలో ఉంది. గాలి చప్పుడు పొట్టలో ఉన్నా, ఛాతీలో ఉన్నా ఒకేలా వినపడవచ్చని, ఆ పరీక్షని నమ్మకూడదని అక్కడి డాక్టరు గారు చెప్పారు. కొత్త గొట్టం వేసిన ప్రతిసారీ మొదటి ఫీడ్‌కి ముందు ఎక్స్‌రే తీయించమన్నారు. ఇంట్లో రోజూ చూసుకోవడానికి, గొట్టంలోంచి కొంచెం ద్రవం లాగి పీహెచ్ కాగితం మీద వేయమన్నారు. 5.5 లేదా అంతకంటే తక్కువ చూపిస్తే అది పొట్టలో ఆమ్లం. గొట్టం మీద అంకెలుంటాయి కదా, ముక్కు అంచు దగ్గర ఏ అంకె ఉందో రాసి పెట్టుకుని ప్రతి ఫీడ్‌కి ముందు చూడమన్నారు. అమ్మకి అది 55. ఆ అంకె మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు, మా పాపతో సహా. నీళ్ళు కాక పాలు పోసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోలేను.

ఈలోగా అమ్మ సన్నబడిపోతోంది. 52 కిలోల మనిషి మూడు నెలల్లో 44కి వచ్చింది. నాకేమో అర్థం కాలేదు, రోజుకి లీటరున్నర పోస్తున్నాను కదా అని. డైటీషియన్ మేడమ్‌ని అడిగితే, ఏం పోస్తున్నారో చేసి చూపించమన్నారు. ఫోన్‌లో వీడియో తీసి పంపాను. రాగిజావ, గంజి, పప్పుకట్టు, పలచటి పాలు. గొట్టం పూడుకుపోతుందన్న భయంతో నేను అన్నీ నీళ్ళు చేసేస్తున్నాను. "చూడ్డానికి గ్లాసు నిండా ఉంది, అందులో సత్తువ సగం కూడా లేదు" అన్నారు ఆవిడ. రోజుకి 1500 కేలరీలు, 55 గ్రాముల ప్రొటీన్ లెక్క కట్టి ఇచ్చారు. బియ్యం, పెసరపప్పు, క్యారెట్టు కుక్కర్లో బాగా మెత్తగా ఉడికించి, ఉడికిన గుడ్డు, రెండు చెంచాల నూనె వేసి మిక్సీలో తిప్పి, టీ వడపోతలో ఒకసారి, పలచటి గుడ్డలో ఒకసారి వడకట్టడం. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండితో జావ కాస్తే, పిండి ఎక్కువ వేసినా గడ్డకట్టకుండా పలచగా జారుతుంది. ఈ సంగతి విన్నప్పుడు నేను తలుపు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. అమ్మ అంగన్‌వాడీలో తల్లులందరికీ చెప్పే మాటే ఇది. నా చిన్నప్పుడు మా డాబా మీద ఆవిడ ఎండబెట్టిన మొలక రాగులకి కాకులు రాకుండా నేనే కాపలా ఉండేదాన్ని.

చేసిన ఫీడ్ బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. మా వేడికి ఆ రెండు గంటలూ ఎక్కువే. ఒకసారి పదిన్నరకి చేసింది ఒంటిగంటకి పోశాను. మూడు రోజులు విరేచనాలు. ఆ తర్వాత ఏ పూటకాపూటే.

మందుల విషయంలో కూడా ఎవరూ చెప్పని సంగతొకటి ఉంది. అమ్మకి ఫిట్స్ రాకుండా ఫెనిటోయిన్ ఇచ్చారు. నేను దాన్ని ఫీడ్‌లోనే కలిపి పోసేదాన్ని, ఒక పని తగ్గుతుందని. మార్చిలో ఒక తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. రక్తపరీక్షలో ఆ మందు ఉండాల్సినంత లేదు. గొట్టంలో వెళ్ళే ఫీడ్‌తో కలిస్తే అది ఒంటికి సరిగ్గా పట్టదట. ముందో గంట, వెనకో గంట ఫీడ్ ఆపి ఇవ్వమన్నారు. అలాగే ఏ మాత్ర నూరవచ్చో, ఏది నూరకూడదో మందుల షాపులో అడిగి మరీ తెలుసుకున్నాను. రోజంతా మెల్లగా విడుదలయ్యేలా చేసిన బీపీ మాత్రని నూరి పోస్తే మందంతా ఒక్కసారే దిగిపోతుంది. గొట్టం పెట్టి ఇంటికి పంపే ప్రతి పేషెంటు చీటీ మీద, ప్రతి మందుకీ ఎదురుగా "నూరవచ్చు", "నూరకూడదు" అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఈ మాట నేను ఇప్పటికి ముగ్గురు డాక్టర్లతో అన్నాను. ఒకాయన నిజంగానే రాయడం మొదలుపెట్టారు.

ముక్కు రంధ్రం అంచు ఒరుసుకుని పుండు పడింది. రెండో ముక్కులోకి మార్చాం, అదీ పడింది. అప్పుడు న్యూరాలజిస్టు గారు పెగ్ మాట ఎత్తారు. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే గొట్టం. పక్షవాతం వచ్చిన కొత్తలో తొందరపడి పెగ్ వేయడం మంచిది కాదని, మొదటి రెండు మూడు వారాలు ముక్కు గొట్టమే మేలని 2005లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చిందని, కానీ నెల దాటి ఇంకా కావాలనుకుంటే పెగ్ గురించి ఆలోచించాలని చెప్పారు. మేం అప్పటికి ఐదు నెలలు దాటాం. ఎవరూ చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?

ఇంట్లో పెద్ద చర్చే అయింది. "ముక్కుది తాత్కాలికం, పొట్టకి బెజ్జం పెడితే ఇంక అంతే, నోటితో తినే ఆశ వదులుకున్నట్టే" అంది మా పెద్దమ్మ. అన్నయ్యకి మత్తు భయం. నేను అడిగింది ఒకటే, పెగ్ వేస్తే చెయ్యి విప్పవచ్చా అని. "పొట్టకి బెల్టు కట్టి, మీద నైటీ వేస్తే చాలామంది దాని జోలికి పోరు" అన్నారు డాక్టరు గారు. మింగడం వస్తే పెగ్ తీసేయవచ్చని, తీసేశాక ఆ రంధ్రం దానంతటదే మూసుకుపోతుందని కూడా చెప్పారు. దాంతో పెద్దమ్మ ఒప్పుకుంది. ఈ పద్ధతిని 1980లో ప్రపంచానికి చెప్పింది అమెరికాలోని క్లీవ్‌లాండ్ డాక్టర్లు గాడరర్, పాన్‌స్కీ. మింగలేని పసిపిల్లలకి పెద్ద ఆపరేషన్ తప్పించడం కోసం మొదలుపెట్టారట. అమ్మకి మాట అర్థమయ్యే రోజుల్లో ఈ సంగతి చెప్పాను. పిల్లలనగానే కళ్ళు ఇటు తిప్పింది.

2022 మే ఆఖర్లో వేశారు. లోపలికి తీసుకెళ్ళి అరగంటలో బయటకి తెచ్చేశారు. నోటిలోంచి ఎండోస్కోపు పంపి, దాని చివరి లైటు పొట్ట చర్మం మీద ఎక్కడ మెరుస్తుందో చూసి అక్కడ సూది గుచ్చి, దారం లోపలికి పంపి, ఆ దారంతో గొట్టాన్ని నోట్లోంచి లాగి పొట్టలోంచి బయటకి తెస్తారు. లోపల బొత్తాంలాంటిది అడ్డం ఉంటుంది, బయట చిన్న పళ్ళెంలాంటి బిళ్ళ. ఖర్చు మా ఇంటికి భారమే, అన్నయ్య పీఎఫ్ లోంచి తీశాడు.

ఇంటికి రాగానే ఆ చీరపేలిక విప్పేశాను. మణికట్టు చుట్టూ చర్మం పాలిపోయి ఉంది. అమ్మ ఆ చెయ్యి కొంతసేపు పైకెత్తి ఉంచింది, ఫ్యాను కింద. తర్వాత ముక్కు తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. రెండోసారి తడుముకుంది. ఆ తర్వాత నా జడ పట్టుకుని లాగింది, గట్టిగానే.

పెగ్ వచ్చాక పని తేలికైంది. గొట్టం లావు, పొడవు తక్కువ. చిక్కటి ఫీడ్ కూడా దిగుతుంది. నాలుగు నెలల్లో అమ్మ 50 కిలోలకి వచ్చింది. రోజూ సబ్బునీళ్ళతో శుభ్రం చేసి, పొడిగా తుడిచి, పుండు మానాక రోజుకోసారి గొట్టాన్ని కాస్త లోపలికి నెట్టి గుండ్రంగా తిప్పాలి, లేకపోతే లోపలి బొత్తాం పొట్ట గోడలో కూరుకుపోతుంది. రంధ్రం చుట్టూ ఎర్రటి కండ పెరిగితే మందు పెట్టి కాల్చారు. ఇవి మామూలు కష్టాలు, అలవాటైపోతాయి.

అలవాటు కానిది ఒకటుంది. అమ్మ పక్కన కూర్చుని మేం అన్నం తినడం. ఆవిడ గదిలోకి పోపు వాసన వెళ్ళకుండా తలుపు వేసేవాళ్ళం. కొన్నాళ్ళు మేం కూరే సరిగ్గా వండుకోలేదు. వచ్చిన చుట్టాలంతా, "భోజనం చేసిందా?" అని అడుగుతారు, మన పలకరింపే అది. "ఫీడ్ అయింది" అని చెప్పేదాన్ని. రెండూ ఒకటి కావని అడిగినవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

2023 సంక్రాంతికి పెద్దమ్మ వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను. పరమాన్నం చేసిన గిన్నెతో అమ్మ గదిలోకి వెళ్ళి, "ఏడాది పైన అయింది నోటికింత రుచి లేక, ఏం మనుషుల్రా మీరు" అంటూ రెండు చెంచాలు పెట్టింది. చెల్లెలు కదా, తనే ఎత్తుకు పెంచింది. అమ్మ చప్పరించిందట, నవ్విందట. మూడో రోజుకి 103 జ్వరం, గురగురమని ఊపిరి. తొమ్మిది రోజులు ఆసుపత్రి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. పెద్దమ్మ ఐసీయూ బయట బల్ల మీదనుంచి లేవలేదు. ఎవరం ఒక్క మాట అనలేదు, అనడానికి ఏముంది? తప్పు నాది కూడా. గొట్టం ఎందుకో అందరికీ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఆ తొమ్మిది రోజుల్లోనే ఒక స్పీచ్ థెరపిస్టు అమ్మాయి పరిచయమైంది. మాట నేర్పేవాళ్ళే మింగడం కూడా నేర్పుతారని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ అమ్మాయి మొదట అడిగింది, "నోరు రోజుకి ఎన్నిసార్లు కడుగుతున్నారు?" అని. నోటితో తినడం లేదు కదా అని పొద్దున్న ఒకసారి దూదితో తుడిచేదాన్ని. పెగ్ ఉన్నా లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుందని, నోట్లో క్రిములుంటే వాటితోనే నిమ్ము వస్తుందని చెప్పింది. అప్పటినుంచి మెత్తటి బ్రష్షుతో మూడు పూటలా తోమి, సక్షన్‌తో లాగేస్తాం. నాలుక మీద తెల్లటి పూత పోయింది.

తర్వాత రుచి. గుటక కోసం కాదు, రుచి కోసం. దూది పుల్లని నిమ్మరసం కలిపిన చల్లటి నీళ్ళలో ముంచి, పిండేసి, తడి మాత్రమే నాలుక మీద ఆనించడం. నెలయ్యాక, "మీ అమ్మగారికి ఏం ఇష్టం?" అని అడిగింది ఆ అమ్మాయి. గోంగూర. ఆ రోజు పుల్లగోంగూర ఉడికించి, వడకట్టిన ఆ రసంలో ముంచి, పిండి, నాలుక అంచుకి తాకించాను. అమ్మ కనుబొమలు దగ్గరకొచ్చాయి. మొహం అంతా ముడతలు పడింది, కుడి బుగ్గ తప్ప. తర్వాత ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని పుల్లని మళ్ళీ నోటి వైపు లాక్కుంది. ఆ గొంతులో గుటక కదిలింది. థెరపిస్టు అమ్మాయి వేలు అమ్మ గొంతు మీదే ఉంది. "వచ్చిందండీ" అంది. అంతే, ఇద్దరం ఇంకేం మాట్లాడలేకపోయాం.

ఆ చెయ్యి విషయంలో నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడాది ఎండాకాలంలో, మధ్యాహ్నం ఫీడ్ ఇస్తుంటే అమ్మ సిరంజిని పక్కకి నెట్టేది. నేను చెయ్యి దించి మళ్ళీ పోసేదాన్ని. కేలరీల లెక్క కదా. ఒకరోజు అలా పోశాక మొత్తం వాంతి అయింది. అప్పుడు ఎందుకో అంగన్‌వాడీలో ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. నాకు పదేళ్ళప్పుడు వాడికి నేను కిచిడీ కుక్కుతుంటే అమ్మ నా చేతిలో చెంచా లాక్కుంది. "నోరు మూసుకున్నాడంటే చాలని అర్థం. వాడి పొట్ట వాడికి తెలుసు" అంది. గొట్టం ఉన్న మనిషికి అలా నోరు మూసుకునే వీలు లేదు. వద్దనడానికి దారే లేదు. మన చేతిలో సిరంజి ఉంటుంది, గడియారం ఉంటుంది, ఆకలి ఎవరిదో మరిచిపోతాం. అప్పటినుంచి ఆ చెయ్యి నెడితే ఆపేస్తాను. అరగంట ఆగి మళ్ళీ అడుగుతాను. మధ్యాహ్నం ఫీడ్‌ని రెండు వందల నుంచి నూట యాభైకి తగ్గించి, రాత్రికి కలిపాం. డైటీషియన్ మేడమ్ ఒప్పుకున్నారు. వాంతులు పోయాయి.

పెగ్ గొట్టం ఏడాదికి మార్చి, లోపల నీటి బుడగతో నిలిచే రకం వేశారు. ఆ బుడగ ఒక రాత్రి పగిలిపోయి, గొట్టం దుప్పట్లో దొరికింది. రంధ్రం గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుందని ముందే చెప్పి ఉంచారు కాబట్టి, తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాం. డ్యూటీలో ఉన్న డాక్టరు ఆ రంధ్రంలో తాత్కాలికంగా మూత్రానికి వేసే ఫోలీ కాథెటర్ వేసి దారి నిలిపారు, మర్నాడు కొత్తది పెట్టారు. వారానికోసారి బుడగలో నీళ్ళెంత ఉన్నాయో లాగి చూసుకోవాలి. నేను రెండు వారాలు మరిచిపోయాను.

గొట్టం ప్రతివాళ్ళకీ మంచిదని నేను చెప్పడం లేదు. మా వీధిలో ఒక పెద్దాయనకి అల్జీమర్స్ ముదిరి తినడం మానేశారు. వాళ్ళబ్బాయి నన్ను చూసి పెగ్ వేయిద్దామనుకున్నాడు. వాళ్ళ డాక్టరు వద్దన్నారు. ముదిరిన మతిమరుపు జబ్బులో గొట్టం ఆయుష్షు పెంచదని, నిమ్మునీ ఆపదని, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం 2014లోనే చెప్పిందట. వాళ్ళ కోడలు రోజూ వరండాలో కూర్చుని, ఒక్కో ముద్దకి నాలుగైదు నిమిషాలు ఆగుతూ, తిన్నంత తినిపించింది. ఆయన ఏడు నెలలకి పోయారు. గొట్టం వేయించలేదని ఊళ్ళో కొందరు ఆ కోడల్ని ఆడిపోసుకున్నారు. అది అన్యాయం. మా అమ్మకి మేం చేసింది ఎంతో, ఆయనకి ఆవిడ చేసిందీ అంతే.

అన్నయ్య హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఒక రాత్రి డాబా మీద అడిగాడు, "ఇలా ఎంతకాలం చెల్లీ?" అని. విసుగుతో అడిగింది కాదు. అమ్మకి స్పృహే లేకపోయి ఉంటే, మనం గుర్తే పట్టకపోయి ఉంటే ఇలాగే నడిపేవాళ్ళమా అన్నాడు. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో, దాడికి గురై మెదడు దెబ్బతిన్న అరుణా శాన్‌బాగ్ అనే నర్సుని తోటి నర్సులు దాదాపు 42 ఏళ్ళు చూసుకున్నారు, 2015లో ఆవిడ పోయేదాకా. బతికించే సాయం ఆపడానికి సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకోలేదు, ఆ నర్సుల మాటకి విలువిచ్చింది. 2018 మార్చి 9న అదే కోర్టు, మనిషి స్పృహలో ఉండగానే తనకి ఏ వైద్యం వద్దో రాసి పెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. ఇవన్నీ ఆ రాత్రి ఫోన్‌లో చదువుకుంటూ కూర్చున్నాం. అమ్మ అలాంటిదేమీ రాయలేదు. అందుకని మేం అమ్మనే అడగాలనుకున్నాం. మర్నాడు అన్నయ్య మంచం పక్కన కూర్చుని, "మళ్ళీ ఊపిరాడకపోతే ఆ మిషను మీద పెట్టమంటావా అమ్మా?" అని మూడుసార్లు, మెల్లగా అడిగాడు. అవునంటే చెయ్యి నొక్కడం, కాదంటే వదిలేయడం అని మాకో గుర్తుంది. మూడుసార్లూ వదిలేసింది. "గొట్టంతో పెట్టమంటావా?" అంటే నొక్కింది. ఆ మాట డాక్టరు గారికి చెప్పి ఫైల్లో రాయించాం. నా కాగితం కూడా నేను రాసుకున్నాను. స్పృహ తిరిగి రాదని డాక్టర్లు తేల్చిన నాడు నాకు గొట్టం వద్దని రాశాను. మా ఆయన సంతకం పెట్టేటప్పుడు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు 2025. పెగ్ ఉంది. అమ్మకి కావలసినదాంట్లో ఎక్కువ భాగం అందులోంచే వెళ్తుంది. సాయంత్రం నాలుగింటికి మాత్రం నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చిక్కగా చేసిన రాగిజావో, మెత్తగా మెదిపిన అరటిపండో చిన్న చెంచాతో పెడతాం. ఒక చెంచా, గుటక, మళ్ళీ ఒక ఖాళీ గుటక, అప్పుడు రెండోది. మంచిరోజైతే ఏడెనిమిది. నిన్న మూడే తింది. నాలుగోది దగ్గరికి తెస్తే చెంచా పట్టుకుని, పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న మా పాప నోటి వైపు తిప్పింది. పాప తినేసింది. మిగిలింది ఆరున్నర ఫీడ్‌లో కలిపి పోశాను.